అన్నయ్య నడక

మాట 1

అన్నయ్యా, ఇది నీ మాటపెట్టే. అటక మీద పడేసి వెళ్ళావు. ఎలకలు కొరకకముందే దింపాను. ఇంట్లో సంగతులు దీంట్లో చెప్పి ఉంచుతాను. నువ్వొచ్చాక "నేను లేనప్పుడు ఏం జరిగిందే రత్నం" అని నా బుర్ర తినకుండా ఇది వింటూ కూర్చుందువుగాని. నువ్వొస్తావని నాకేం నమ్మకం లేదు. వదినకుంది. ఆవిడ పోరు పడలేక మొదలుపెట్టాను, ముందే చెప్తున్నా.

పొద్దున్నే కుళాయికి వెళ్ళాను. బిందె చంకనెత్తుకుని తాతయ్య నడకతో ఇల్లు చేరేసరికి ఎండెక్కిపోయింది. ఆ నడక గుర్తుందిగా? కుడి మోకాలు మడవకూడదు, ఈడ్చాలి. నాలుగడుగులకోసారి ఆగాలి. ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి చూడాలి. అప్పుడు మళ్ళీ కదలాలి. పంతొమ్మిదేళ్ళదాన్ని, ఎప్పుడో పోయిన ముసలాయన మోకాలు మోసుకుని తిరుగుతున్నాను. నా పక్కన మన సింహాద్రి తన పెదనాన్న గూని వేసుకుని వస్తాడు. కుళాయి దగ్గర మమ్మల్ని చూస్తే ఈ నాలుగో గట్టు ఊళ్ళో కుర్రకారే పుట్టలేదనుకుంటారు.

అనుకోవాలనే కదా మరి! పైన గద్దలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ మరగద్దలకి మొహాలతో పనిలేదు, కాళ్ళే చూస్తాయి. మోకాల్లో బిగువు కనిపించిందంటే అదే రోజు బండి వచ్చి వాకిట్లో ఆగుతుంది. అందుకని మామ్మ మధ్యాహ్నం పూట మన చావిట్లో నడకబడి పెడుతోంది. వయసు పిల్లలంతా వచ్చి ముసలి నడకలు నేర్చుకుని పోతారు. "ఒంగితే చాలదర్రా, ఓపిక లేనట్టుండాలి. ముందు నిట్టూర్పు, తర్వాత అడుగు" అని అదే పాఠం, అదే తిట్టు.

నీకొక్కడికే నేర్పలేకపోయింది. "ఈ మోకాలు ఈడ్చడం నావల్ల కాదు మామ్మా" అని నవ్వేవాడివి. వదినకి నొప్పులొచ్చిన రోజు కాలవ అవతల నర్సమ్మ కోసం పట్టపగలు గట్టు మీద పరిగెత్తావు. నర్సమ్మ వచ్చింది. పండు పుట్టింది. దాని ఏడుపు వినపడేసరికి నిన్ను బండెక్కించేస్తున్నారు. నీ మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు, అది కూడా విను.

మాట 2

ఇవాళ ఇనపకాళ్ళు వెళ్ళాయి. ఎప్పట్లాగే గట్టు మీద వరసగా, ఉత్తరం వైపు యుద్ధానికి. తిరిగి ఏ దారిన తెస్తారో గాని, కొన్నాళ్ళకి అవే మళ్ళీ దక్షిణం నుంచి వస్తాయి. తల లేదు, చేతుల్లేవు. మనిషెత్తున ఒక పెట్టె, కింద రెండు కాళ్ళు. అవి వస్తున్నప్పుడు ఊళ్ళో కుక్కలు కూడా మొరగవు.

బండెక్కినవాళ్ళని ఎక్కడో జీను కట్టి నడిపిస్తారట. వాళ్ళక్కడ అడుగేస్తే ఇక్కడ ఇనుము అడుగేస్తుంది. కొన్నాళ్ళకి మనిషి పోయినా నడక దానికే ఉండిపోతుందట. కాబట్టి ఆ పెట్టె వెనకాల మనిషున్నాడో, ఒట్టి నడకే ఉందో చూసి చెప్పలేం. ఎదురింటి చిట్టెమ్మ పిన్ని తలుపు సందులోంచి కొడుకు నడకని పోల్చుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

అన్నిటికంటే చివర్న వచ్చేది నీది. మూడడుగులు వేసి చిన్న గెంతు. కాలవ మీద తాటిదుంగలు దాటుకుంటూ పెరిగినవాడివి, దుంగకీ దుంగకీ మధ్య సందు దగ్గర వేసే ఆ గెంతు నేల మీద కూడా పోలేదు నీకు. ఆ ఇనుముక్కూడా పోలేదు. పెళ్ళికొడుకువై పల్లకీ దిగి వచ్చినప్పుడు కూడా అలాగే గెంతావని ఊరంతా నవ్వారు కదా!

వదిన పండుని కిటికీ దగ్గరికి ఎత్తింది. "అదిగో, నాన్న వెళ్తున్నాడు. టాటా చెప్పమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "వదినా, నీకేమైనా మతిపోయిందా? ఇనపముక్కని చూపించి నాన్న అంటావేంటి?"

"ఆయనే రత్నం. కిటికీ ఎదురుగా వచ్చేసరికి అడుగు నెమ్మదవుతుంది. నువ్వెప్పుడైనా సరిగ్గా చూశావా?"

"నెమ్మదవడం లేదు, ఏమీ లేదు. అలా వరస తప్పితే మిగతావి ఊరుకుంటాయా?" అన్నాను. పోయిన వానల్లో ఒకటి బురదలో జారి కుంటడం మొదలెట్టింది. దాని నడక మారేసరికి, ఇది మనది కాదు, అవతలివాళ్ళదేమో అనుకున్నాయి కాబోలు, తోటివన్నీ చుట్టూ చేరి దాన్ని తొక్కి ముద్ద చేసేశాయి. ఊరంతా చూశాం. వదిన కూడా చూసింది. అయినా టాటా చెప్పిస్తుంది.

మాట 3

కొత్త తంటా వచ్చిపడింది. అయిదో గట్టు నుంచి చేపలకొచ్చినాయన చెప్పాడు. గద్దలిప్పుడు పసిపిల్లల్ని కూడా చూస్తున్నాయట. మొదటి అడుగులు కనపడితే చాలు, ఆ పిల్ల పెద్దయ్యాక ఎలా నడుస్తుందో అవే లెక్క కట్టేసుకుని గుర్తు పెట్టుకుంటాయట. తర్వాత ఎంత గొప్పగా ముసలి నడక నేర్చినా లాభం లేదు. వయసు రాగానే బండి ఇంటికొచ్చేస్తుంది.

మన పండు ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది, అన్నయ్యా. ఇవాళో రేపో అడుగేస్తుంది. ఇంట్లో కట్టేసి ఉంచుదామంటే చావిడి కాక మనకున్నదే ఒక గది, పైకప్పు సగం టార్పాలిను, దాంట్లో చిల్లులు.

మామ్మ చాపమీద కూర్చుని చాలాసేపు కాళ్ళు పిసుక్కుంది. "మొదటి అడుగే ముసలడుగు వేయించాలి. అది నీ పని" అంది నాతో.

"ఏడాది పిల్లకి మోకాలు ఈడ్చడం నేర్పమంటావా? ఇదెక్కడి చోద్యమే!"

"దానికి వేరే నడక తెలిస్తే కదా! అది పుట్టాక పరిగెత్తే మనిషిని ఒక్కణ్ణైనా చూసిందా?"

నిజమే. పండు చూసిన లోకమంతా గూనీ, కుంటూ, నిట్టూర్పే.

వదిన మాత్రం వేరే గొడవలో ఉంది. తాటిబెల్లం, నూనె కాస్త కాస్త దాస్తోంది. బోర్లపడ్డప్పుడు బొబ్బట్లు చెయ్యలేదట, పలుకులకి పంచదార చిలకలు పంచలేదట. "అడుగులకి అరిసెలు మాత్రం చేసి తీరతాను. వాకిట్లో పరిచి, నలుగురినీ పిలిచి, వాటి మీద నడిపిస్తాను. తండ్రి లేని పిల్లలా గుట్టుగా కానిచ్చెయ్యను" అంది.

"వాకిట్లోనా! పైన గద్దలుంటే!"

"నువ్వు ముసలి నడక నేర్పుతున్నావుగా, మరింకేం భయం?" అంది. ఏం చెప్తావు చెప్పు, మీ ఆవిడకి?

మాట 4

నా బతుకు పగవాళ్ళక్కూడా వద్దు. పొద్దుటి నుంచి పండు ముందు తాతయ్యలా ఈడ్చుకుంటూ తిరుగుతున్నాను. అది చప్పట్లు కొడుతుంది. చేతికి చిన్న కర్ర ఇస్తే నోట్లో పెట్టుకుంటుంది. నిట్టూర్చి చూపిస్తే నా మొహం మీద ఉఫ్ అని ఊదుతుంది. వెనక్కి తిరిగి చూడటం ఒక్కటే బాగా వచ్చింది. కూర్చున్నచోటే తల తిప్పి చూసి కిలకిల నవ్వుతుంది.

మామ్మ కూడా నవ్వేసింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "మీ తాత ఏం మర్చిపోయాడని వెనక్కి చూసేవాడనుకున్నారు మీరంతా?" అంది.

"మతిమరుపు కదా?"

"మతిమరుపా, పాడా! వెనకాల నేనొస్తున్నానా లేదా అని చూసేవాడు. పెళ్ళైన కొత్తలో సంతలో తప్పిపోయాను ఒకసారి. అప్పట్నుంచి పోయేదాకా అదే అలవాటు."

ఇన్నేళ్ళూ ఆ చూపు చూస్తూ తిరిగాను కానీ నాకు తెలీదు. నీకు తెలుసా?

మాట 5

అయిపోయింది అన్నయ్యా. పండు నడిచింది.

ఇనపకాళ్ళు మళ్ళీ ఉత్తరానికి పోతున్నాయి. వదిన అరుగు మీద పండుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నీది కూడా దాటి, మలుపు తిరిగి కనుమరుగైంది. అంతే, పిల్ల ఒళ్ళోంచి జారి దిగింది. నిలబడింది. ఒకటి, రెండు, మూడు, గెంతు. మళ్ళీ మూడు, గెంతు. అరుగు చివరిదాకా! పడకుండా! మేం నేర్పినది ఒక్కటీ లేదు దాంట్లో. అచ్చం నువ్వే.

దాని రక్తంలో ఉందో, ఆ ఇనుముని చూసి చూసి నేర్చిందో నాకు తెలీదు. ఈ ఊళ్ళో అది చూసిన వయసు నడక అదొక్కటే.

సంతోషపడేలోపే తలెత్తి చూశాను. పైన గద్ద ఉంది. కిందికి దిగింది. పండు నెత్తిమీద గిరగిరా తిరిగింది. దాని రెక్కల గాలికి పిల్ల జుట్టు ఎగిరింది. తర్వాత ఏమీ పట్టనట్టు పైకి లేచి వెళ్ళిపోయింది.

వదిన పండుని గుండెకి అదుముకుని తలుపు మూసింది. ఇప్పుడు బండి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. పిల్లని ఇవాళే తీసుకుపోరని తెలుసు. అయినా భయానికి అవన్నీ తెలుస్తాయా?

మాట 6

బండి రాలేదు. గుర్తు రాసుకున్న పిల్లల ఇంటి మీద గద్దలు పసుపురంగు చల్లిపోతాయట, అదీ చల్లలేదు. ఎందుకని?

మామ్మే తేల్చింది. "అది మీ అన్న ధనరాజు నడక. ఆ నడక వాళ్ళ సొంతమైపోయింది. సొంత ఇనుముని ఎవరైనా కొత్తగా రాసుకుంటారటే? గద్దకి కాళ్ళే కనిపిస్తాయి కానీ, పొట్టో పొడుగో దానికెందుకు?"

నిజమో కాదో చూడాలంటే ఎవరో ఒకరు నడవాలి. నేనే వెళ్ళాను. వదిన వద్దని నా చెయ్యి పట్టుకుంది, విడిపించుకున్నాను. పట్టపగలు, గట్టు మీద, నీ నడకతో. మొదట మోకాలు మడత పడనంది. నాలుగైదు అడుగులకి పట్టు వదిలింది. మూడడుగులు, గెంతు. గద్ద వచ్చింది. నా నీడ పక్కన దాని నీడ కాసేపు నడిచింది. వెళ్ళిపోయింది.

అప్పుడు పరిగెత్తాను అన్నయ్యా! నీ గెంతు వదలకుండానే, కాలవ మలుపుదాకా, ఊపిరి అందనంతగా పరిగెత్తాను. పరిగెత్తి కూలబడి భోరున ఏడ్చాను. కాళ్ళు నావని మర్చిపోయాను ఇన్నాళ్ళూ.

అది చూసి సింహాద్రి ఆగుతాడా? "నేనూ వస్తానే రత్తాలూ" అంటూ వెనకాలే అదే గెంతు వేసుకుంటూ దిగాడు. నేనూ లేచి గెంతాను. ఇద్దరం ఒకేసారి అదే నడకతో కనపడేసరికి గద్ద రాయిలా కిందికి పడింది. అటు చూసింది, ఇటు చూసింది. ఇద్దరం చతికిలబడిపోయాం. చాలాసేపు మా ఇద్దరి మీదా తిరిగి, నడిచేవాళ్ళు లేక వెళ్ళిపోయింది.

"ఒక మనిషికి ఒకటే నడక. దాని కళ్ళముందే ఒకేసారి రెండు చోట్ల కనిపిస్తే అందులో ఒకటి దొంగదని దానికి తెలిసిపోతుంది" అంది మామ్మ. ఇదీ కట్టుబాటు: నీ నడక ఒక్కసారికి ఒక్కరే నడవాలి. ఇనపకాళ్ళు గట్టు మీదున్నప్పుడు ఎవ్వరూ నడవకూడదు.

మాట 7

ఇప్పుడు నడకబడిలో నీ నడకే పాఠం. వంతులు వేసుకున్నాం. ఒకరు గట్టు మీద పరిగెడుతుంటే మిగతావాళ్ళం అరుగుల మీద ముసలాళ్ళలా కూర్చుని ఈలలు వేస్తున్నాం. చిట్టెమ్మ పిన్ని చూసి, "ఊరంతా ధనరాజులే అయిపోయారే" అని నవ్వింది. నవ్వుతూనే ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. వాళ్ళబ్బాయి నడక ఎవరూ నేర్చుకోలేదు కదా.

రాత్రికి బియ్యం నానబోశాం. రేపు అరిసెలు. ఇనపకాళ్ళు ఉత్తరానికి పోయి ఎక్కువ రోజులు కాలేదు, మళ్ళీ దక్షిణం నుంచి వరస వచ్చేదాకా భయం లేదు. పొద్దున వంతులన్నీ ఆపేసి ఆ నడక పండుకొక్కదానికే వదిలేస్తామని సింహాద్రి వాళ్ళు మాటిచ్చారు.

మాట 8

తడిపిండి నేనే దంచాను. పాకం మామ్మ పట్టింది. నూనె తక్కువై అరిసెలు చిన్నవే వచ్చాయి, అయినా ఆ వాసనకి ఊరంతా వాకిట్లోకి వచ్చింది. వదిన నీ పెళ్ళినాటి పంచె పరిచి వాటిని వరసగా పెట్టింది. అందరూ అరుగుల మీద కూర్చున్నారు. పండుకి కొత్త గౌను లేదు, నా ఓణీ చింపి కుట్టాను.

మొదటి అరిసె మీద కాలు పెట్టింది. మూడడుగులు, గెంతు. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పైన గద్ద ఒక చుట్టు చుట్టి పోబోతోంది.

అప్పుడు కుక్కలు మొరగడం ఆపేశాయి.

ఇనపకాళ్ళు ఉత్తరం నుంచి వస్తున్నాయి. వెళ్ళినవి ఈ గట్టు మీదుగా తిరిగి రావడం మేమెప్పుడూ చూడలేదు. రావని అనుకున్నాం, అదే మా పొరపాటు. సగం లేవు. ఉన్నవి బురదతో, కాలిపోయి ఉన్నాయి. చివర్న నీది. మూడడుగులు, గెంతు.

పండు దాన్ని చూసింది. "నా, నా" అంటూ అరిసెలు దాటి, పంచె దాటి, గట్టు వైపు నడిచింది. ఇక్కడ గెంతు, అక్కడ గెంతు. రెండూ ఒకేసారి.

గద్ద మళ్ళీ రాయిలా కిందికి పడింది. పండు మీదికి దిగి ఆగిపోయింది. ముక్కు దగ్గర ఎర్రదీపం వెలిగింది. అది వెలిగితే ఏమవుతుందో తెలుసు నీకు. వదిన కేక పెట్టి లేవబోయింది, మామ్మ ఆవిణ్ణి రెండు చేతులతో వాటేసుకుని కింద కూర్చోబెట్టింది. వదిన పరుగు కనపడితే ఇద్దరూ పోతారు.

నేను లేచాను. తాతయ్య నడకతో తప్ప వెళ్ళడానికి లేదు. కుడి మోకాలు ఈడ్చుకుంటూ వెళ్ళాను. పిల్ల అక్కడ, చావు దాని నెత్తిమీద, నేను నాలుగడుగులకోసారి ఆగి వెనక్కి తిరిగి చూడాలి. ఆ నడకని కనిపెట్టిన తాతయ్యని, నేర్పిన మామ్మని, నన్ను కన్నవాళ్ళని, అందర్నీ తిట్టుకుంటూ నడిచాను. పండు నాకు అందేంత దగ్గర్లో లేదు.

గట్టు మీద నీ ఇనుము ఆగిపోయింది. వరస ముందుకి పోతోంది, అదొక్కటే ఆగింది. ఆ పెట్టె మెల్లగా నా వైపు తిరిగింది. నా కాళ్ళ వైపు.

తర్వాత దాంట్లోంచి ఉస్సుమని గాలి వదిలిన చప్పుడు వచ్చింది. అప్పుడు అడుగేసింది. కుడి కాలు మడవలేదు. ఈడ్చింది. ఇంకోటి. ఇంకోటి. నాలుగో అడుగుకి ఆగింది. ఆగి, ఏదో మర్చిపోయినట్టు, పండు వైపు వెనక్కి తిరిగి చూసింది.

ఎర్రదీపం ఆరిపోయింది. గద్ద పండుని వదిలేసి లేచి దాని మీదికి పోయింది. ముందు పోతున్నవన్నీ ఆగాయి, వెనక్కి తిరిగాయి. నేను పండుని ఎత్తుకుని దాని మొహం నా భుజంలో దాచేశాను. నేనూ కళ్ళు మూసుకున్నాను. చప్పుడు మాత్రం విన్నాను. అది చెప్పను.

అన్నీ వెళ్ళిపోయాక మామ్మ కర్ర ఊపుకుంటూ గట్టెక్కింది. ఆ ఇనుము తుక్కు పక్కన కూర్చుని, విరిగిన కుడి కాలి మీద చెయ్యి వేసింది. "ముందు నిట్టూర్పు వేశాడే! విన్నావా? ఎంత తిట్టినా రాలేదు వెధవకి, ఎంత బాగా వేశాడో చూడు" అంది. అచ్చం బడిలో పిల్లవాణ్ణి మెచ్చుకున్నట్టే అంది. తర్వాత గుండెలు బాదుకుంది.

వదిన ఏడవలేదు. అడుగుల అరిసెలు ఇంట్లో మిగల్చకూడదని అన్నీ పంచింది. సింహాద్రి తన అరిసె తీసుకుని, "ఇక మాకు వంతులొద్దు వదినా, ఆ నడక పండుదే" అన్నాడు. గూని వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు. మేమంతా మళ్ళీ ముసలాళ్ళమైపోయాం. పండు ఒక్కతే వాకిట్లో మూడడుగులు వేసి గెంతుతోంది. పైన గద్ద తన దారిన తాను పోతోంది.

రోజూ జరిగింది నీకు చెప్తానన్నాను కదా. ఇవాళ్టిది చెప్పక్కర్లేదు, నువ్వున్నావు. వదిన మాటే నిజం, నాదే తప్పు. ఆ జీనులో నువ్వింకా ఉన్నావో, ఆ నడకతోనే పోయావో ఇప్పుడు నాకు తెలీదు. కానీ ఒక్క సంగతి నువ్వు సరిగ్గా చూశావో లేదోనని దీంట్లో చెప్పి పెడుతున్నాను. నువ్వు వెనక్కి తిరిగి చూసినప్పుడు నేనింకా దాన్ని ఎత్తుకోలేదు అన్నయ్యా. పండు నీ వెనకాలే వస్తోంది.